బత్తాయి జ్యూస్ ఫ్రిజ్‌లో పెడితే చేదెక్కుతోంది, మీకూ ఇంతేనా?

మండుటెండ: పొద్దున ఆరు బత్తాయిలు ఒలిచి మిక్సీలో వేసి వడగట్టా, అప్పుడు తాగితే బానే ఉంది, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రెండు గంటలాగి మా వాళ్ళకి ఇస్తే ఒక్క గుక్కకే మొహాలు అదోలా పెట్టారు, వేపాకు కలిపావా అని ఎగతాళి ఒకటి. కాయలు మంచివే. పంచదార ఇంకో రెండు చెంచాలు వేసినా గొంతు దగ్గర ఆ చేదు అలాగే ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నా?

చిటికెడు_ఉప్పు: గింజలు తీశారా? మిక్సీలో గింజ నలిగిందంటే ఇంక అంతే సంగతులు

మండుటెండ: తీశానండీ... ఒకటీ అరా తప్పించుకుని ఉంటాయి, ఒప్పుకుంటా

జ్యూసుపిచ్చి: గింజలొక్కటే కాదండీ, తొక్క కింద తెల్లపొర, తొనల మీద పొర ఉన్నాయి చూశారా, అవి కూడా. వాటిలో ఉండే పదార్థం మొదట చేదుండదు, రసంలో కలిశాక ఆ పులుపుకి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది, చేదంతా దానిదే. అందుకే తీసిన వెంటనే తాగితే తెలీదు, నిలవుంటే బయటపడుతుంది. ఫ్రిజ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. నేనైతే మిక్సీ మానేసి కాయని అడ్డంగా కోసి చేత్తోనే పిండుతున్నా, చివరి చుక్క కోసం కక్కుర్తి పడకుండా, ఎందుకంటే గట్టిగా నొక్కితే తెల్లపొర కూడా దిగుతుంది. మిక్సీయే కావాలంటే పొరలు తీసేసి ఆన్ చేసి ఆపుతూ నాలుగుసార్లు, తొనలు చితికితే చాలు.

చిటికెడు_ఉప్పు: చేదెక్కినదాన్ని పారబొయ్యకండి, చిటికెడు ఉప్పు వేసి చూడండి. ఉప్పగా తెలియకూడదు, చేదు మాత్రం కాస్త అణుగుతుంది. పంచదార పోసుకుంటూ పోయి పాకం చేసుకున్న చరిత్ర నాది 😅

పైనాపిల్_బాధితుడు: టాపిక్ మారుస్తున్నా సారీ. నాకు పైనాపిల్ మిల్క్‌షేక్ పది నిమిషాలకే చేదు. అందులో బ్రోమెలైన్ అని ఎంజైమ్ ఉంటుందట, పాలలో ప్రోటీన్‌ని ముక్కలు చేసేస్తుంది, ఆ చేదు అందుకే. ఉడికితే ఆ ఎంజైమ్ పనిచెయ్యదు కాబట్టి ఇప్పుడు పైనాపిల్ ముక్కల్ని కాసేపు ఉడకనిచ్చి పూర్తిగా చల్లారాక పాలు పోస్తున్నా, ఏ గొడవా లేదు. తాజా వాసన కొంచెం పోతుంది, అది మాత్రం నిజం.

నీళ్ళొద్దు: ఇదంతా ఎందుకండీ పుచ్చకాయ కొట్టుకోక. 90 శాతం పైగా నీళ్ళే, చుక్క కలపక్కర్లేదు. ఐస్ వేస్తే చప్పబడుతుంది కాబట్టి సగం ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టి అవే వెయ్యండి.

మండుటెండ: అప్‌డేట్. ఒకే రకం కాయలు సగం చేత్తో, సగం మిక్సీలో చేసి రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టా. గంటకి మిక్సీది చేదు మొదలైంది, చేత్తో పిండింది బానే ఉంది. రెండు గంటలకి ఎలా ఉంటుందో చెప్దామనుకున్నా గానీ చూసేసరికి ఆ గ్లాసు ఖాళీ, ఎవరు తాగారో ఎవరూ చెప్పట్లేదు. మిక్సీ గ్లాసు మాత్రం భద్రంగా ఉంది.