పిన్ని దగ్గర తమ్ముడి పేరు ఎత్తాలా, వద్దా?

మా పిన్ని కొడుకు ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడే ప్రాణం తీసుకున్నాడు. ఆరు నెలలైంది. మొదట్లో వచ్చినవాళ్లంతా "ముందే కనిపెట్టలేకపోయారా" అని అడిగి వెళ్లారు, ఇప్పుడు వాళ్లూ రావడం లేదు. పిన్ని వాడి హాల్‌టికెట్ దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. నేను వెళ్లినప్పుడు వాడి పేరు ఎత్తితే ఏడుస్తుంది, ఎత్తకపోతే తనే ఎత్తుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారని చెప్పాను. "నాకేమైనా పిచ్చా?" అంది. బాబాయి అసలు నోరే విప్పడు, నిజానికి నాకు ఆయన గురించే ఎక్కువ టెన్షన్. మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే చెప్పండి, ఎవరు ఏం చేస్తే మీకు కాస్త ఊరటగా అనిపించింది? ఇలాంటి కుటుంబాలు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు వరంగల్ వైపు ఏదైనా ఉందా?