చర్చి ఆవరణలో సిలువ మార్గం బొమ్మలకు ఏ రాయి మంచిది?

మాది సికింద్రాబాద్. చర్చి ఆవరణలో సిలువ మార్గం, అంటే యేసు మరణయాత్రను చూపే 14 స్థలాలూ ప్లాస్టర్‌తో చేయించాం. రెండు వానాకాలాలకే ఆరో స్థలంలో, యేసు ముఖం తుడిచిన వెరోనికమ్మ చేతిలోని గుడ్డ పెచ్చులూడిపోయింది. తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) అమ్మ అక్కడే ఎక్కువసేపు మోకరించేది. ఇప్పుడు అటు చూడలేకపోతున్నా. ఏ రాయి వాడాలి?

జవాబు: గ్రానైటేనండి. హైదరాబాద్ బండలన్నీ అదేగా! ఎండకీ వానకీ చెక్కుచెదరదు. కాకపోతే గట్టి రాయి, ముఖంలో బాధ చూపించేలా చెక్కడానికి మంచి శిల్పి కావాలి. తొందరపడకండి.

జవాబు: బ్రెజిల్‌లోని రియోలో 30 మీటర్ల క్రీస్తు విగ్రహం 1931లో పూర్తయింది. కాంక్రీటు మీద సోప్‌స్టోన్ అనే మెత్తటి రాయి ముక్కలు అతికించారు. ఆ ముక్కల వెనుక స్త్రీలు తమవాళ్ల పేర్లు రాశారట.

అడిగినవారు: గ్రానైటే చేయిస్తాం. వెరోనికమ్మ రాయి వెనుక అమ్మ పేరు నేనే రాస్తాను.