పద్యం కంఠస్థమైంది, బొమ్మ మాత్రం కనిపించడం లేదు

ప్రశ్న
నమస్కారం. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ‘రవిబింబం బుపమింప’ అనే పద్యం నేర్పించాను. వామనుడు బ్రహ్మాండమంతా నిండేలా పెరుగుతుంటే సూర్యబింబం వరుసగా ఆయనకు గొడుగు, నగలు, చివరికి పాదపీఠం అయినట్టు తోచడమే ఇందులోని వర్ణన. రెండు రోజుల్లో కంఠస్థం చేసి, ప్రతిపదార్థం కూడా తడుముకోకుండా చెబుతోంది. అయితే ‘ఇందులో నీకు ఏం కనిపిస్తోంది?’ అని అడిగితే, కాసేపు ఆలోచించి ‘చాలా నగలు’ అంది. నవ్వు వచ్చింది గానీ తప్పు తనదని అనలేను; ఛత్రమంటే గొడుగు, నూపురమంటే అందె అని వరుసగా అప్పజెప్పించుకున్నది నేనే. ఈ పద్యాన్ని ఆమె కళ్లకు కట్టించడం ఎలా?

మొదటి జవాబు
నేను తెలుగు ఉపాధ్యాయుడిని. అర్థం అడగడం ఆపి, ‘సూర్యుడు కదులుతున్నాడా, లేదా?’ అని అడగండి. గొడుగు మొదలు పాదపీఠం దాకా పోలికలు తొమ్మిది ఉన్నా వస్తువు ఒక్కటే, అది ఉన్నచోటనే ఉంటుంది. వామనుడు పెరిగిపోతుండడం వల్ల అది తలమీది నుంచి చెవికి, మెడకు, చేతికి, నడుముకు జారినట్టు తోస్తుంది. అమ్మాయిని గోడ పక్కన గొంతుక్కూర్చోబెట్టి, తలకు జానెడు పైన ఒక ఎర్రని బొట్టుబిళ్ల అంటించి, పద్యం చదువుతూ మెల్లగా లేవమనండి. నిటారుగా నిలబడేసరికి బిళ్ల నడుము దగ్గరికి వస్తుంది. అందెల కోసం బల్ల ఎక్కించాలి, మీరు పట్టుకోండి. పాదపీఠాన్ని మాత్రం ఊహకు వదిలేయండి.

రెండవ జవాబు
పై సలహా బాగుంది గానీ, ప్రతిపదార్థాన్ని అంత తేలికగా తీసేయకూడదని నా అభిప్రాయం. కేయూరం అంటే భుజానికి దిగువన పెట్టుకునే దండకడియమని, కంకణం ముంజేతిదని తెలియని పిల్లకు సూర్యుడు చేతి వెంబడి దిగడం ఎలా కనిపిస్తుంది? గుడిలో అలంకరించిన ఉత్సవమూర్తినో, కూచిపూడి నర్తకి ఫొటోనో చూపించి, ఏ నగ ఎక్కడుందో వేలితో తాకించండి.

మూడవ జవాబు
ఒక చిన్న హెచ్చరిక. కొందరికి కళ్లు మూసుకుంటే బొమ్మలేవీ రావు. దీనికి 2015లో పరిశోధకులు ‘ఎఫాంటేసియా’ అని పేరు పెట్టారు. అలాంటి పిల్లలను ‘కనిపిస్తోందా?’ అని గుచ్చి గుచ్చి అడిగితే, కనిపించిందని అబద్ధమాడడం నేర్చుకుంటారు. బొట్టుబిళ్ల ఆటలో ఒంటితో తెలుసుకునేది ఉంది కనుక అది ఎవరికైనా పనికొస్తుంది. కాగితం మీద బొమ్మ వేయించేటట్లయితే ఒక్కటి చాలదు, తొమ్మిదీ వేయించాలి. ఒక్క బొమ్మలో ఎదుగుదల ఆగిపోతుంది.

అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ఉత్సవమూర్తి ఫొటో చూపించాక బిళ్ల అంటించాం. మొదటిసారి తొందరగా లేచి, ‘గళాభరణమై’ అనేటప్పటికే బిళ్ల నడుము దగ్గరుందని తనే పట్టుకుని, మళ్లీ కూర్చుని ఒక్కొక్క నగ దగ్గర ఆగుతూ లేచింది. బల్ల మీద నిలబడి కిందికి చూస్తూ, ‘అమ్మా, సూర్యుడు కాళ్ల కిందికి వెళ్లిపోతే వామనుడి ముఖం బలిచక్రవర్తికి ఎలా కనిపిస్తుంది?’ అని అడిగింది. దీనికి మీలో ఎవరైనా జవాబు చెప్పగలరా?