తాతగారి మండువా ఇల్లు: బాగు చేయించాలా, పడగొట్టి డాబా వేయాలా?

కోనసీమ అబ్బాయి:

నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది, అంటే మధ్యలో పైకప్పు లేని ఖాళీ జాగా, చుట్టూ గదులు; వీధి గుమ్మం పైన చెక్క మీద 1938 అని చెక్కి ఉంటుంది. అందులో అమ్మ ఒక్కతే ఉంటోంది, 74 ఏళ్లు. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య విశాఖపట్నంలో. ఈ ఏడు వానలకి పడమటి గదిలో పైనుంచి నీళ్లు కారి, ఒక్క రాత్రిలో అమ్మ మంచం మూడుసార్లు జరుపుకుందట. ఆ మాట పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి చెబితే తెలిసింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

గోడలు ఇటుకతో, గానుగ సున్నంతో (ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం) కట్టినవి, అడుగున్నర మందం. మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు, పైన బంగాళా పెంకు. 1996 నవంబరు తుఫానుకి మా వీధిలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి. మా ఇంటికి పెంకులు లేచిపోయాయి గానీ దూలం ఒక్కటీ కదల్లేదు. ఆ రాత్రి పక్కిళ్లవాళ్లు కూడా మా నడవలోనే తలదాచుకున్నారు. నాకప్పుడు పన్నెండేళ్లు. అందుకేనేమో, ఈ ఇల్లు పడగొడదాం అనే మాట నా నోటినుంచి రావట్లేదు.

కానీ లోపాలు చాలా ఉన్నాయి. మండువా మూలల్లో రెండు వాలులు కలిసేచోట రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది, కారేది అక్కడే. గోడలకి కింద మూడడుగుల దాకా ఉప్పు పొడి రాలుతోంది. 2009లో పాత సున్నం పూత గీకించి సిమెంటు పూత వేయించాం, అది మొదలైంది ఆ తర్వాతే. ఇక రోడ్డు. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోయారు. చిన్నప్పుడు అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటే పైకి కనిపిస్తోంది. పెద్ద వాన పడితే వీధి నీళ్లు ఆ మెట్టు దాకా వస్తున్నాయి.

పడగొట్టి రెండు పడగ్గదుల డాబా వేద్దామని అన్నయ్య అంటున్నాడు. మేస్త్రీ దానికి 26 లక్షలు చెప్పాడు. బాగు చేయడానికైతే 9 లక్షలు, కానీ "విప్పాక లోపల ఏం బయటపడుతుందో నా పూచీ కాదు" అన్నాడు. అమ్మని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంటుంది. రోజూ సాయంత్రం మాత్రం మండువా అంచున అదే స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. ఆవిడ వీపు ఆనేచోట చెక్క నున్నబడి మెరుస్తూ ఉంటుంది. ఇలాంటి పని చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.

భీమవరం మాస్టారు:

బాబూ, నేను సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఎంతవుతుంది అనే లెక్క తర్వాత. ముందు గోడ దగ్గరకి వెళ్లండి. ప్రతి గోడకీ పైనుంచి తూకం గుండు వేలాడదీయించండి, బయటికి వాలిందో లేదో తేలిపోతుంది. ద్వారబంధాల మూలల నుంచి ఏటవాలుగా వెళ్లే పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటికి అడ్డంగా చిన్న సిమెంటు ముద్ద అంటించి, మీద తేదీ గీయండి. కొన్ని నెలల్లో ఆ ముద్ద కూడా పగిలిందంటే పునాది ఇంకా కదులుతోందన్నమాట. పగలకపోతే అది పాత గాయం, భయపడక్కర్లేదు.

దూలాన్ని మధ్యలో తట్టి చూసి బాగుంది అనుకోవద్దు. గోడలోకి దూరిన కొన దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. కారిన నీళ్లు, గోడ తేమ, చెదలు అన్నీ ముందు పట్టేది ఆ కొననే.

ఉప్పు సంగతి మీరే చెప్పేశారు. నేలలోంచి ఎక్కే తేమ సున్నం పూతలోంచి బయటికి ఆరిపోయేది. సిమెంటు పూత దాన్ని లోపల బిగించేసింది, అందుకే పైకి పాకుతోంది. ఆ పూత మొత్తం కొట్టించేయండి. ఎండాకాలం అంతా ఇటుకని ఆరనిచ్చి, మళ్లీ గానుగ సున్నమే పూయించండి. మీద సున్నమే వేయాలి, ప్లాస్టిక్ రంగులు వద్దు.

డాబా వేసినా మీది సముద్రం దగ్గర ప్రాంతం. ఇసుకలో గానీ కలిపే నీళ్లలో గానీ ఉప్పు ఉంటే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. కొత్తది కాబట్టి బాధ ఉండదనుకోకండి.

తెనాలి కోడలు:

తమ్ముడూ, మేము 2018లో మా అత్తగారి పెంకుటిల్లు పడగొట్టి డాబా వేశాం. ఎందుకో చెబుతాను. బాత్రూమ్ దొడ్లో ఉండేది. ఒక రాత్రి అత్తయ్యగారు లేచి వెళ్తూ మెట్టు దగ్గర జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆ ఇంటిని చూస్తే నాకు ప్రేమ కలగలేదు.

కానీ కలపంతా ఒక్క బేరానికి పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చేశాం. ఆరు నెలలకి కొత్త తలుపులకి టేకు ధర అడిగితే కళ్లు తిరిగాయి. మీరు పడగొట్టినా సరే, కలప మాత్రం ఇవ్వకండి. ఇంకొకటి, వేసవిలో ఆ స్లాబు కింద రాత్రి పదకొండింటికి కూడా వేడి దిగదు, ఏసీ లేకుండా అత్తయ్యగారు పడుకోలేరు.

అమ్మగారిని "ఇల్లు ఏం చేద్దాం" అని అడక్కండి. "రాత్రిపూట ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు" అని అడగండి.

కరీంనగర్ తమ్ముడు:

అన్నా, నేను వేరే మాట చెబుతా. మాది మట్టి గోడల పెంకుటిల్లు. కోతులు పెంకుల మీద దుంకి పగలగొట్టేవి, ప్రతి వానకాలం ముందు పెంకులు సర్దించాలి. సర్దే మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉండె, ఆయన చనిపోయాక పక్క మండలం నుంచి తీసుకొచ్చాం. మూడేళ్లు అలా పైసలు పోసి, చివరికి కూల్చి కట్టుకున్నాం. నాకు బాధ లేదు. మీ ఊళ్లో పెంకులు తిరగేసే మనిషి, దూలం మార్చగల వడ్రంగి ఉన్నారా? లేకపోతే మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఇంటిని కాపాడలేరు. ఇంకోటి, లోన్ తీసుకునే ఆలోచన ఉంటే కాగితాలు ముందే చూసుకోండి. మాది గ్రామకంఠం స్థలం, అంటే విడిగా పట్టా లేని ఊరి నివాస భూమి, బ్యాంకు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను.

కోనసీమ అబ్బాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మొన్న శని, ఆదివారాలు అన్నయ్యా నేనూ ఇద్దరం ఊరెళ్లాం.

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాం. పన్నెండు దూలాల్లో ఎనిమిదింటికి స్క్రూడ్రైవర్ గింజంత కూడా దిగలేదు. పడమటి వైపు నాలుగింటికి పిడి దాకా దిగిపోయింది, లాగితే నల్లటి తడి పొడి వచ్చింది. అన్నయ్యే గుచ్చాడు. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మిగతావి రాయిలా ఉన్నాయిరా" అన్నాడు. గోడలు నిటారుగానే ఉన్నాయి. వెనక వంటిల్లు ఒక్కటే రెండు అంగుళాలు వాలింది. అది తాతగారి తర్వాత నాన్న మట్టితో కట్టించింది.

అక్కా, మీరన్నట్టే అడిగాను. "రాత్రి రెండుసార్లు లేస్తాను నాన్నా, దొడ్డి మెట్టు దగ్గర గోడ పట్టుకుని దిగుతాను" అంది. ఇన్నాళ్లూ ఎప్పుడూ చెప్పలేదు.

కాబట్టి వంటిల్లు పడగొడుతున్నాం. ఆ జాగాలో రోడ్డు కంటే రెండడుగుల ఎత్తున వంటిల్లు, అమ్మ గది, దానికి ఆనుకుని బాత్రూమ్ వస్తాయి. పాత ఇంటికి, కొత్తదానికి మధ్య మెట్టు లేకుండా వాలుగా నడక, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. మండువా, ముందు గదులు ఉంచేస్తున్నాం. నాలుగు దూలాలు మార్చి, సిమెంటు పూత కొట్టించేస్తాం. వీధి నీళ్లకి అరుగు ముందు కాలవ తవ్వించి వెనక బోదెలోకి వదులుతాం. ఆ నీళ్ల విషయంలో మాత్రం నాకింకా ధైర్యం చాలట్లేదు, ఒక వానకాలం చూడాలి.

తమ్ముడూ, పెంకుల మనిషి పక్క ఊళ్లో ఉన్నాడు, కొడుక్కి కూడా పని నేర్పించాడు. ఫోన్ నంబరు తీసుకున్నాను. లోన్ లేకుండా ఇద్దరం సగం సగం వేసుకుంటున్నాం.

పని సంక్రాంతి వెళ్లాక మొదలు. ఒక్క సాయం కావాలి. మా చుట్టుపక్కల సున్నం గానుగ ఆడించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? బస్తాల్లో వచ్చే పొడి సున్నం వద్దని మేస్త్రీ గట్టిగా చెబుతున్నాడు.