ఎరువు పెంచితే పంట మార్పిడి అవసరం తీరుతుందా?

ప్రశ్న:
ఒకే పొలంలో తొమ్మిదేళ్లుగా వరుసగా గోధుమే వేస్తున్నాను. తొలి ఏళ్లలో నత్రజని మోతాదు పెంచిన కొద్దీ దిగుబడి పెరిగింది. గత మూడేళ్లుగా పైరు ఏపుగా ఎదుగుతున్నా గింజ తేలికగానే ఉంటోంది. మధ్యలో పప్పుజాతి పంట వేస్తే నేల కోలుకుంటుందా?

మొదటి జవాబు:
దీనికి చాలా పాత లెక్కలే ఉన్నాయి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి గోధుమ పండిస్తున్నారు. ఏ ఎరువూ వేయని మడిలో దిగుబడి హెక్టారుకు సుమారు 1 టన్ను దగ్గర నిలిచిపోయింది. 1968లో అక్కడ కొంత భాగంలో పంట మార్పిడి మొదలుపెట్టాక, రెండేళ్ల విరామం తరువాత వేసిన గోధుమ, అంతే ఎరువు అందుకున్న వరుస గోధుమ కంటే స్పష్టంగా ఎక్కువ పండింది. ప్రధాన కారణం టేక్-ఆల్ అనే వేరుకుళ్లు తెగులు. వేరు చెడిన మొక్క నత్రజనిని అందుకోలేదు. మిగిలినది నైట్రేటు రూపంలో నీటితో పాటు లోతుకు దిగిపోతుంది.

రెండవ జవాబు:
పై మాట నిజమే కానీ, ఈ పొలానికి అది పూర్తిగా వర్తించకపోవచ్చు. ఈ తెగులు సాధారణంగా రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది వరకు ఉధృతంగా ఉండి, తరువాత నేలలో దానికి విరోధులైన సూక్ష్మజీవులు బలపడటంతో తగ్గుతుంది. ఒక్క ఏడాది విరామం ఇచ్చి మళ్లీ వరుసగా గోధుమ వేస్తే ఆ రక్షణ పోయి, రెండో మూడో గోధుమ మునుపటికన్నా దెబ్బతినవచ్చు. కాబట్టి మార్పిడికి దిగితే కొనసాగించాలి. అంతకుముందు ఒక సంగతి చెప్పండి: భాస్వరం, పొటాష్ వేస్తున్నారా? గడ్డి పొలంలోనే వదిలేస్తున్నారా?

అడిగినవారు:
లేదు. యూరియా మాత్రమే వేస్తున్నాను, గడ్డి కూడా పూర్తిగా తరలిస్తాను. భూసార పరీక్ష చేయించలేదు.

రెండవ జవాబు ఇచ్చినవారు:
అయితే ముందు అనుమానించవలసింది పొటాష్ కొరతను. మొక్క తీసుకున్న భాస్వరంలో ఎక్కువ భాగం గింజతోనూ, పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డితోనూ పొలం దాటిపోతాయి. పప్పుజాతి పంట గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందే గానీ ఈ రెండింటినీ సృష్టించలేదు. యూరియా ఏళ్ల తరబడి వాడితే నేల ఆమ్లత్వమూ పెరుగుతుంది కనుక, పరీక్షలో ఉదజని సూచికను (pH) కూడా చూపించుకోండి. పశువుల ఎరువు దొరికితే వెనకాడవద్దు: రోథామ్‌స్టెడ్‌లోనే బార్లీ వేసే మరో పొలంలో 1852 నుంచి 1871 వరకు మాత్రమే వేసిన ఎరువు ప్రభావం, ఆపివేసి వందేళ్లు దాటాక కూడా నేలలోని కర్బనంలో కనిపించింది. కోతకు ముందు నాలుగు మొక్కలను వేళ్లతో సహా తవ్వి చూడండి. వేళ్లు నల్లబడి ఉంటే మొదటి జవాబు వైపు మొగ్గుతాను.