సమస్య: నవ్వులాట చూచి నాన్న యేడ్చె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా. పిల్లల వీడియో గేమ్ విషయంగా పూరించండి. మాకు గేములేంటి అనకండి, సెలవుల్లో మీ ఇంట్లో టీవీ ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు.

కొర్లగుంట కుర్రోడు (తిరుపతి):
కొడుకు ఫోనులోన కొన్నాడు వజ్రాలు
బ్యాంకు వార్త వచ్చె నిదుర వేళ
ఆట యేమొ నవ్వె నప్పేమొ మిగిలెను
నవ్వులాట చూచి నాన్న యేడ్చె

నిర్వాహకుడు:
నవ్వించావు తమ్ముడూ. రెండో పాదంలో యతి జారింది, 'బ్యా'కు 'ని'తో మైత్రి లేదు. "పడక మీద" అంటే సరిపోతుంది. అయినా మీ నాన్న ఏడ్చింది అప్పు చూసి, ఆట చూసి కాదు.

కొర్లగుంట కుర్రోడు:
దిద్దుకున్నా సామీ. డబ్బులు పోయింది మాత్రం నిజం.

గురులఘువు (చిత్తూరు):
తల్లి లేని బాధ తట్టుకోలేనట్టి
చిన్నపాప కన్ను చెమ్మగిల్ల
శోకసంద్రమందు సోలిన మనసుతో
నవ్వులాట చూచి నాన్న యేడ్చె

నిర్వాహకుడు:
గణాలకు, యతులకు వంక పెట్టలేం. కానీ సార్, బాధ, చెమ్మ, శోకసంద్రం... ఏడుపంతా మీరే ఏడ్చేశారు, చదివేవాడికి ఏం మిగిల్చారు? పైగా నవ్వు ఎక్కడా లేదు. సమస్యలో చిక్కంతా ఆ మాట దగ్గరే కదా.

తోటాపురి (చిత్తూరు):
గుట్ట మీద నొక్క చెట్టు కిందను తల్లి
నిదురపోవుచుండ నింగి నుండి
పాప దుర్భిణీని పట్టి చూచినదట
నవ్వులాట చూచి నాన్న యేడ్చె

ఇది సూపర్ మారియో గెలాక్సీ, 2007లో నింటెండో వాళ్ళు తెచ్చిన ఆట. మీసాల మారియో గ్రహం మీంచి గ్రహానికి గెంతుతూ, బుల్లి గోళాల మీద తలకిందులుగా పరిగెడుతుంటాడు. మధ్యలో బుల్లి నక్షత్రాలను సాకే రోజలీనా గ్రంథాలయం. అక్కడ ఆమె చుక్కపిల్లలకు కథ చదివి వినిపిస్తుంది, ఒక్కో అధ్యాయమే తెరుచుకుంటుంది. వినకపోయినా ఆట ఆగదు. అమ్మను వెతుక్కునే చుక్కపిల్లతో ఒక అమ్మాయి నింగికెక్కిన కథ అది.

నిర్వాహకుడు:
"నింగి నుండి" మూడో పాదంతో కలిపి చదవాలి, తల్లితో కాదు. ఆ ఒక్క తడబాటు తప్ప బాగుంది.

గురులఘువు:
"చూచినదట"లో 'అట' గణం కోసం పెట్టిందేనా?

తోటాపురి:
కాదు సార్. ఇంగ్లీషులో ఉన్నది మా పాప చదివి నాకు తెలుగులో చెబుతోంది. చేతికి మామిడిపండు రసం, కంట్రోలరంతా జిగట. కడుక్కోమని తిడదామని నోరు తెరిచా. "వాళ్ళమ్మ గుట్ట మీద చెట్టు కింద నిద్రపోతోందట నాన్నా" అంది. మా అమ్మను పుంగనూరు దగ్గర మా తోటలోనే, గట్టు మీద పెట్టాం. పాపకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

మెట్లదారి (తిరుపతి):
మా ఊరి గంగజాతరలో వేషాలు కట్టినవాళ్ళు బూతులు తిడుతుంటే పగలబడి నవ్వుతాం. చివర్లో మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నుంచి మట్టి తీసేటప్పుడు గొంతు పెగలదు. ముందు నుంచీ ఏడుపు మొహాలతో నిలబడి ఉంటే అంత తగలదనుకుంటా అన్నా. నవ్వేటప్పుడు మనిషి కాపలా కాసుకోడు.

గురులఘువు:
నా మూడో పాదం వెనక్కి తీసుకుంటున్నా. రేపు ఇంకోటి పెడతా. తోటాపురి గారూ, గట్టు మీద చెట్టు మామిడేనా?

తోటాపురి:
చింత.