సీసీసీ 100 కి.మీ. కొండ పరుగు: దిగేటప్పుడు తొడలు పట్టేస్తున్నాయి, కడుపు తిప్పుతోంది

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో జరిగే సీసీసీకి లాటరీలో నాకు చోటు వచ్చింది. ఇటలీలోని కూర్మాయెర్‌లో మొదలై, స్విట్జర్లాండ్‌లోని షాంపే మీదుగా ఫ్రాన్స్‌లోని షమోనీ దాకా సుమారు 100 కి.మీ. నేను ఉండేది హైదరాబాద్, సొంతూరు తిరుపతి. ఎక్కడం ఫర్వాలేదు, దిగేటప్పుడే తొడలు పట్టేస్తున్నాయి. ఐదారు గంటలు దాటితే, పరుగులో శక్తి కోసం తీసుకునే తీపి జెల్ చూస్తేనే వికారం. మూడు నెలల టైముంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: అభినందనలు తమ్ముడూ! నువ్వు అడిగిన ఈ రెండే అక్కడ చాలామందిని మధ్యలో ఆపేస్తాయి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, అందుకే అంతగా దెబ్బతింటుంది. అయితే ఒకసారి గట్టిగా దిగి కోలుకున్న కాళ్లకు ఆ తర్వాత కొన్ని వారాలపాటు నొప్పి బాగా తగ్గుతుంది. కాబట్టి దిగడమే ప్రాక్టీస్ చెయ్యి. ఊరెళ్లినప్పుడు అలిపిరి మెట్లు 3,550 ఉన్నాయి కదా, ఎక్కి మళ్లీ నడిచే దిగు. అది భక్తుల దారి, పరుగులు వద్దు, చురుగ్గా నడిస్తే చాలు. హైదరాబాద్‌లో అయితే అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకి, మెట్ల మీద కిందికి. చివరి పెద్ద దిగుడు రేసుకు రెండు మూడు వారాల ముందే అయిపోవాలి.

కూర్మాయెర్ నుంచి మొదటి ఎక్కుడే దాదాపు 1,350 మీటర్లు. అక్కడ ఆవేశపడకుండా నడువు. 2,537 మీటర్ల గ్రాండ్ కోల్ ఫెరే కనుమ దాటాక లా ఫూలీ ఊరి వైపు దారి హాయిగా ఉంటుంది, కాళ్లు వాటంతటవే పరిగెడతాయి. దయచేసి అక్కడ వేగం పెంచకుండా కాళ్లను పట్టి ఉంచు. షాంపే తర్వాత ఇంకా మూడు పెద్ద కొండలున్నాయి, అవి చాలామందికి చీకట్లోనే వస్తాయి.

ఇంకొకరి జవాబు: కడుపు సంగతి నేను చెప్తానండీ. పరుగులో రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది, జీర్ణశక్తి తగ్గుతుంది. వికారం మొదలైతే ముందు వేగం తగ్గించండి, కాసేపు నడవండి, చిన్న గుక్కలు తాగండి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం పెట్టుకుని, వారాంతపు లాంగ్ రన్‌లలో ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. 40తో మొదలుపెట్టి పెంచండి. తీపి మొహం మొత్తితే ఉప్పూ పులుపూ పనిచేస్తాయి. నేను పులిహోర చిన్న ఉండలు చేసి పట్టుకెళ్తాను. దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లలో నూడుల్స్ సూప్, అరటిపండు, బ్రెడ్, చీజ్ ఉంటాయి. శాకాహారులైతే సూప్ దేనితో చేశారో అడగండి. తాగడానికి గ్లాసులివ్వరు, మీ కప్పు మీదే.

భయంతో నీళ్లు ఎక్కువ తాగొద్దు. దాహాన్ని బట్టే తాగండి. వేళ్లు ఉబ్బి, తలనొప్పి, వాంతులు ఉంటే రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు. ఇంకా నీళ్లు తాగితే ప్రాణం మీదికొస్తుంది, వెంటనే అక్కడి వైద్య బృందానికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్. చేతికర్రలు తీసుకోవాలా? తొడలు పట్టేస్తే ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చా?

జవాబు: కర్రలు తప్పకుండా తీసుకో, ఎక్కేటప్పుడు భారం చేతులకూ పంచుతాయి. మొదట్లో పట్టుకెళ్తే చివరిదాకా మోయాలన్నది అక్కడి నియమం. ఐబుప్రోఫెన్ వద్దే వద్దు. ఒంట్లో నీళ్లు తగ్గి, కండరాలు దెబ్బతిన్నప్పుడు అది కిడ్నీలకు ప్రమాదం.